తక్కువ ఉద్గారాల చెయిన్ సా: పాత మోడళ్లకూ కొత్త మోడళ్లకూ తేడా ఎక్కడుంది

చెట్లు కోసే పెట్రోలు రంపం కొనడానికి వెళ్లినవారికి దుకాణాల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: కొత్త మోడల్ పొగ తక్కువ వదులుతుంది, పెట్రోలు కూడా ఆదా చేస్తుంది. పాత మిషన్‌తో ఏళ్ల తరబడి పనిచేసిన కోత మేస్త్రీ మాత్రం ఇంకోలా చెబుతాడు. పొగ తగ్గించిన మిషన్లకు బలం ఉండదని, త్వరగా వేడెక్కి పిస్టన్ పట్టేస్తుందని, ఊళ్లో మెకానిక్‌కు అవి ఒక పట్టాన అంతుబట్టవని అంటాడు. ఈ రెండు మాటల్లోనూ నిజం ఉంది, కాకపోతే రెండూ ఒకే యంత్రం గురించి చెప్పినవి కావు. 'తక్కువ ఉద్గారాలు' అనే ఒక్క పేరు కింద గత ముప్ఫై ఏళ్లలో వేర్వేరు పద్ధతులు వచ్చాయి. వాటిలో కొన్ని ఇంజిన్‌ను ఇబ్బంది పెట్టి పొగ తగ్గించినవి, కొన్ని ఇంజిన్ పనితీరునే సరిదిద్ది తగ్గించినవి. చేతిలో ఉన్న మిషన్ వీటిలో ఏ రకానిదో తెలిస్తే తప్ప పాతదాన్ని కొత్తదానితో పోల్చి ప్రయోజనం లేదు.

అసలు ఈ సమస్య రంపాన్నే ఎందుకు పట్టుకుని ఉందో ముందు చూడాలి. మన రోడ్ల మీద టూ స్ట్రోక్ ఇంజిన్ల కాలం ఎప్పుడో ముగిసింది. యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది, ఆ తరువాత ఉద్గార నిబంధనలు కఠినమైన కొద్దీ మిగిలిన టూ స్ట్రోక్ బండ్లూ ఒక్కొక్కటిగా కనుమరుగయ్యాయి. బైకులకు ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ సులువుగా సరిపోయింది కానీ రంపానికి అలా కుదరలేదు. మామూలు ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ అడుగున నూనె తొట్టి ఉంటుంది కాబట్టి అది నిటారుగా ఉండాలి, రంపాన్నేమో పక్కకు వంచి, తలకిందులు చేసి, కొమ్మ కింది నుంచి పైకి కూడా కోయాలి. పైగా రోజంతా చేతుల మీద మోయవలసిన పరికరంలో ప్రతి వంద గ్రాములూ భుజానికి తెలుస్తాయి. బరువుకు తగిన బలం, ఏ కోణంలోనైనా నడిచే వీలు, ఈ రెండింటి కోసమే చెయిన్ సా ఈనాటికీ టూ స్ట్రోక్ మీదే నిలిచి ఉంది.

ఈ ఇంజిన్ లోపమంతా సిలిండర్ ఖాళీ అయ్యే ఆ లిప్తపాటులోనే ఉంది. పిస్టన్ కిందికి దిగుతున్నప్పుడు ముందుగా ఎగ్జాస్ట్ రంధ్రం తెరుచుకుని కాలిన వాయువులు బయటికి పోవడం మొదలవుతుంది. వెంటనే పక్కనున్న ట్రాన్స్‌ఫర్ రంధ్రాలు కూడా తెరుచుకుని, పిస్టన్ కింది గదిలో, అంటే క్రాంక్‌కేసులో ఒత్తిడికి లోనై ఉన్న పెట్రోలు, నూనె, గాలి కలిసిన తాజా మిశ్రమం సిలిండర్‌లోకి దూసుకొస్తుంది. కాలిన వాయువును బయటికి నెట్టవలసింది ఈ తాజా మిశ్రమమే. రెండు రంధ్రాలూ ఒకేసారి తెరిచి ఉండడం వల్ల మిశ్రమంలో కొంత భాగం కాలకుండానే ఎగ్జాస్ట్ గుండా జారిపోతుంది. మురికి గిన్నెను పాలతోనే తొలిచి, ఆ పైన పాలు పోసుకున్నట్టు ఉంటుంది ఈ పని. పాత పద్ధతి ఇంజిన్‌లో ఇలా వృథా అయ్యే పెట్రోలు సుమారు నాలుగో వంతు, కొన్ని పరిస్థితుల్లో అంతకంటే ఎక్కువ కూడా.

కంటికి కనిపించే నీలం పొగను చూసి కాలుష్యాన్ని అంచనా వేయడం మనకు అలవాటు. ఆ పొగ ప్రధానంగా పెట్రోల్లో కలిపిన 2టీ నూనె నుంచి వచ్చేది. మంచి నూనె వాడి, లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున, అంటే 50:1 పాళ్లలో కలిపితే పాత మిషన్ నుంచి కూడా పొగ పెద్దగా కనిపించదు. అంతమాత్రాన కాలని పెట్రోలు ఆవిరి ఆగిపోయిందని కాదు, అది కంటికి కనబడదు, అంతే. శాస్త్రీయంగా కొలిచేటప్పుడు మూడు వాయువులను వేరుచేసి చూస్తారు. మొదటిది కాలని పెట్రోలు, అంటే హైడ్రోకార్బన్లు, ఇవి సిలిండర్ ఖాళీ అయ్యేటప్పుడు జారిపోయినవి. రెండోది కార్బన్ మోనాక్సైడ్, మిశ్రమంలో గాలి తక్కువై పెట్రోలు ఎక్కువైనప్పుడు పుట్టేది. మూడోది నైట్రోజన్ ఆక్సైడ్లు, దహనం వేడి పెరిగిన కొద్దీ పెరిగేవి. టూ స్ట్రోక్‌లో కాలిన వాయువు కొంత లోపలే మిగిలిపోయి దహనాన్ని చల్లబరుస్తుంది కాబట్టి మూడోదానితో పెద్ద బాధ లేదు. మొదటి రెండింటికీ కారణాలు వేరు, మందులూ వేరు. ఒకదాన్ని తగ్గించిన పద్ధతి రెండోదాన్ని కూడా తగ్గించి తీరాలని ఏమీ లేదు.

నిబంధనల చరిత్ర అమెరికాలో మొదలవుతుంది. చిన్న ఇంజిన్లపై కాలిఫోర్నియా రాష్ట్రం 1995 నుంచి పరిమితులు అమలు చేసింది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ తన మొదటి దశను 1997 మోడళ్లతో ప్రారంభించి, చేతి పరికరాలకు రెండో దశను 2002 నుంచి 2007 దాకా విడతలవారీగా తీసుకొచ్చింది. 20 నుంచి 50 సీసీ లోపు చేతి యంత్రాలకు మొదటి దశలో హైడ్రోకార్బన్ల పరిమితి కిలోవాట్ అవర్‌కు 241 గ్రాములు. రెండో దశలో హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు రెండూ కలిపి 50 గ్రాములకు మించకూడదన్నారు. సుమారు రెండున్నర కిలోవాట్ల బలమున్న 45 సీసీ రంపాన్ని గంటసేపు పూర్తి బలంతో నడిపితే, మొదటి దశ పరిమితి ప్రకారం 600 గ్రాముల దాకా పెట్రోలు కాలకుండా గాలిలో కలవవచ్చు, కొలతలో చెప్పాలంటే ముప్పావు లీటరుకు పైమాటే. రెండో దశలో అదే గంటకు హద్దు 125 గ్రాములు. ఇవి గరిష్ఠ పరిమితులే తప్ప ప్రతి యంత్రం అంతే వదులుతుందని కాదు, కానీ పాత, కొత్త మోడళ్ల మధ్య దూరం ఎంతో ఈ రెండు అంకెలు చూపిస్తాయి. యూరప్ కూడా 2002 నాటి ఆదేశంతో దాదాపు ఇవే పరిమితులను తీసుకుంది, 2019 నుంచి అక్కడ ఐదో దశ నిబంధనలు నడుస్తున్నాయి.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించదగ్గది. 50 సీసీ, ఆ పైన ఉన్న యంత్రాలకు పరిమితి 50 కాదు, 72 గ్రాములు. వృత్తిపనివారు ఎక్కువగా ఇష్టపడే మధ్యస్థ రంపాలు చాలావరకు 50.1, 50.2 సీసీ దగ్గర ఉంటాయి. అంటే అవి సరిగ్గా గీత దాటి, సడలింపు ఉన్న తరగతిలోకి వస్తాయి. కాబట్టి 49 సీసీ యంత్రాన్నీ 50.2 సీసీ యంత్రాన్నీ ఒకే నిబంధన పాటించినవిగా భావించి పక్కపక్కన పెట్టకూడదు.

పరిమితులు వచ్చిన తొలి సంవత్సరాల్లో తయారీదారులు ఇంజిన్ ఆకృతిని మార్చలేదు. ఉన్న ఇంజిన్‌నే అదుపులో పెట్టే ప్రయత్నం చేశారు. కార్బరేటర్ మీద ఉండే రెండు స్క్రూలకు టోపీలు తొడిగారు. వాటిని కొద్ది మేరకు తప్ప తిప్పలేము, కాబట్టి మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచుకునే వీలు పోయింది. టూ స్ట్రోక్‌లో కాస్త ఎక్కువగా వచ్చే పెట్రోలు దహనానికి మాత్రమే పనికొచ్చేది కాదు, అది సిలిండర్‌ను చల్లబరుస్తుంది, తనతోపాటు నూనెను తెచ్చి పిస్టన్‌కు తడి ఇస్తుంది. పాళ్లు బాగా తగ్గించి ఫ్యాక్టరీ నుంచి పంపిన ఆ తరం రంపాలు వేడెక్కాయన్నా, ఎండాకాలంలో రోజంతా కోతకు పెడితే పిస్టన్ గీతలు పడి పట్టేశాయన్నా ఆశ్చర్యం లేదు. అనుభవజ్ఞుడైన మెకానిక్ పూర్తి రేస్‌లో ఇంజిన్ శబ్దం విని, గరగరమనే ఆ చప్పుడు కోత మొదలుకాగానే సాఫీ అయ్యేలా స్క్రూ తిప్పేవాడు. టోపీలు ఆ విద్యకు అడ్డుపడ్డాయి. చాలామంది వాటిని పీకేసి పని జరుపుకున్నారు, అలా పీకేసిన మరుక్షణం ఆ మిషన్ తక్కువ ఉద్గారాల మిషన్ కాకుండా పోయింది.

రెండో దారి సైలెన్సర్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ పెట్టడం. 1980ల చివరి నుంచే ఇలాంటి రంపాలు యూరప్‌లో ఉన్నాయి. జారిపోయిన పెట్రోలును సైలెన్సర్‌లోనే కాల్చేయడం దీని పని. కార్లలో చక్కగా పనిచేసే ఈ పద్ధతికి చెయిన్ సాలో ఒక పెద్ద చిక్కుంది. నాలుగో వంతు పెట్రోలు కాలకుండా బయటికి వస్తున్నప్పుడు దాన్నంతా సైలెన్సర్‌లో కాలిస్తే పుట్టే వేడి సామాన్యమైనది కాదు, అదీ పనివాడి ముంజేతికి జానెడు దూరంలో. ఎండుటాకుల మీద అలాంటి మిషన్‌ను దించితే ఏమవుతుందో మార్చి, ఏప్రిల్ నెలల్లో నల్లమల అడవిని చూసినవారికి చెప్పనక్కరలేదు. అంతేకాదు, ఈ పద్ధతిలో పెట్రోలు ఆదా కూడా ఉండదు. పోయిన పెట్రోలు పోయినట్టే, కాకపోతే ఆవిరిగా కాక వేడిగా పోతుంది.

అసలైన మలుపు 1990ల చివర జపాన్‌కు చెందిన జెనోవా సంస్థ ఇంజిన్లతో మొదలై, 2000ల మధ్య నుంచి పెద్ద తయారీదారులందరికీ పాకింది. హస్క్‌వర్నా దీన్ని ఎక్స్‌-టార్క్ అంటుంది, స్టిల్ 2-మిక్స్ అంటుంది. పేర్లు వేరైనా సూత్రం ఒకటే: కాలిన వాయువును తాజా మిశ్రమంతో కాకుండా ముందు ఉత్త గాలితో బయటికి నెట్టడం. ఎయిర్ ఫిల్టర్ తీసి కార్బరేటర్ వైపు చూస్తే తేడా తెలిసిపోతుంది. పాత మిషన్‌లో లోపలికి ఒకే దారి ఉంటుంది. కొత్తదానిలో రెండు దారులుంటాయి, ఒకటి గాలికి, రెండోది పెట్రోలు కలిసిన మిశ్రమానికి. పిస్టన్‌ను బయటికి తీసి చూస్తే దాని పక్కల గుంతలా తొలిచిన జేబులు కనబడతాయి. పిస్టన్ పైకి వెళ్లినప్పుడు ఈ జేబులు గాలి దారినీ ట్రాన్స్‌ఫర్ గొట్టాలనూ కలుపుతాయి, గొట్టాల పైభాగమంతా గాలితో నిండుతుంది. తరువాత ఆ గొట్టాలు సిలిండర్‌లోకి తెరుచుకున్నప్పుడు ముందు వచ్చేది గాలి, దాని వెనక వచ్చేది మిశ్రమం. జారిపోయేదేమైనా ఉంటే అది చాలావరకు గాలే.

దీని ఫలితాన్ని తయారీదారులు 20 శాతం దాకా పెట్రోలు ఆదాగా చెబుతారు. ఇది 'దాకా' అని గుర్తుపెట్టుకోవాలి, అయినా ఈ అంకెను నమ్మడానికి తగిన తర్కం ఉంది: పాత ఇంజిన్ పారబోసిన ఆ నాలుగో వంతులో అధిక భాగాన్ని ఆపితే మిగిలేది అంతే. ఉద్గారాల తగ్గింపూ పెట్రోలు ఆదా ఇక్కడ రెండు వేర్వేరు లాభాలు కావు, రెండూ ఒకే పెట్రోలు. రోజుకు ఐదు లీటర్లు తాగే రంపం నాలుగు లీటర్లతో సరిపెట్టుకుంటే, లీటరు ధర వంద దాటిన ఈ రోజుల్లో కోత కూలీల ముఠాకు ఆ మిగులు నెల తిరిగేసరికి బాగానే కనబడుతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ ఇవ్వలేనిదీ, టోపీలు పెట్టిన కార్బరేటర్ ఇంజిన్ ఆరోగ్యాన్ని పణంగా పెట్టి ఇచ్చినదీ, ఈ పద్ధతి ఇంజిన్‌ను బాగుచేసి ఇచ్చింది. కొత్త మోడళ్ల పట్ల నా మొగ్గుకు ప్రధాన కారణం ఇదే.

అయితే ఈ పద్ధతి కూడా మొదటి రోజునే సంపూర్ణంగా రాలేదు. స్టిల్ 50 సీసీ తరగతినే చూడండి. పాత ఎంఎస్ 260లో 50.2 సీసీ ఇంజిన్, 2.6 కిలోవాట్ల బలం, బరువు 4.8 కిలోలు. దాని స్థానంలో 2-మిక్స్ ఇంజిన్‌తో వచ్చిన ఎంఎస్ 261 బలం 2.8 కిలోవాట్లకు పెరిగింది కానీ బరువు 5.2 కిలోలకు చేరింది. అదనపు గాలి దారులు, పెద్ద సైలెన్సర్, పెద్ద ఫిల్టర్ డబ్బా అన్నీ బరువే కదా. ఆ తరువాతి తరం ఎంఎస్ 261 సీ-ఎం దగ్గరికి వచ్చేసరికి బలం 3.0 కిలోవాట్లు, బరువు 4.9 కిలోలు. 70 సీసీ తరగతిలోనూ ఇదే కథ: ఎంఎస్ 440 బరువు 6.3 కిలోలు, దాని తరువాతి ఎంఎస్ 441 బరువు 6.6 కిలోలు, 2017 ప్రాంతంలో వచ్చిన ఎంఎస్ 462 మాత్రం 72.2 సీసీ, 4.4 కిలోవాట్ల బలంతో 6.0 కిలోలకు దిగింది. హస్క్‌వర్నాలో బరువు ఇలా తగ్గుతూ పోలేదు. 550 ఎక్స్‌పీ 2.8 కిలోవాట్లు, 4.9 కిలోలు కాగా, దాని రెండో రూపం 3.0 కిలోవాట్లతో 5.3 కిలోలయింది. 'కొత్తవి బరువు' అని ఒకరు, 'కొత్తవి తేలిక' అని మరొకరు వాదించుకోవడం వెనక ఉన్నది ఈ మధ్య తరమే. 2005 నుంచి 2012 దాకా వచ్చిన యంత్రాలను చూసి కొత్తవాటిపై అభిప్రాయం ఏర్పరచుకున్నవారు ఆ తరువాత వచ్చినవాటిని చేతిలోకి తీసుకుని చూడడం అవసరం.

ట్యూనింగ్ విషయంలోనూ ఈ కొత్త ఇంజిన్లు పాత చెవిని మోసం చేస్తాయి. శబ్దాన్ని బట్టి మిశ్రమం పాళ్లు చెప్పే పాత పద్ధతి రెండు దారుల ఇంజిన్‌లో స్పష్టంగా పనిచేయదు. గాలి పొర వల్ల ఆ గరగర చప్పుడు మారిపోతుంది, చెవిని నమ్మి తిప్పితే పాళ్లు ఎటో ఒకవైపు తప్పుతాయి. చుట్ల సంఖ్య చూపే టాకోమీటరు పెట్టి, కంపెనీ చెప్పిన గరిష్ఠ వేగానికి మించకుండా స్క్రూ తిప్పడమే సరైన పని. చాలా ఊళ్లలో మెకానిక్ దగ్గర ఆ మీటరు ఉండదు. కొత్త మిషన్ కొన్నాక ఇదే మొదటి నిజమైన ఇబ్బంది.

ఈ ఇబ్బందికి జవాబుగానే ఎలక్ట్రానిక్స్ వచ్చాయి. హస్క్‌వర్నా ఆటోట్యూన్, స్టిల్ ఎం-ట్రానిక్ పేర్లతో 2010 ప్రాంతం నుంచి వృత్తి రంపాల్లో కనిపిస్తున్న ఈ ఏర్పాటులో, కార్బరేటర్‌లో తిప్పుకునే స్క్రూల పనిని కంట్రోల్ యూనిట్ చెప్పినట్టు తెరుచుకుని మూసుకునే చిన్న విద్యుత్ కవాటం చేస్తుంది. ఇంజిన్ వేగంలో మార్పులను గమనిస్తూ ఆ యూనిట్ మిశ్రమాన్ని సరిచేస్తుంది, చివరిసారి కుదిరిన పాళ్లను గుర్తుంచుకుంటుంది. ఫిల్టర్‌కు దుమ్ము పట్టినా, ఎండ పెరిగినా, అరకు ఎత్తులకు తీసుకెళ్లినా మళ్లీ ట్యూన్ చేయించే పని లేదు. ఉద్గారాల కోణంలో ఇది చాలా విలువైన మార్పు. ఫ్యాక్టరీ పరీక్షలో నెగ్గిన రంపం రెండేళ్ల తరువాత పొలంలోనూ ఇంచుమించు అదే పాళ్లలో నడవడం స్క్రూ కార్బరేటర్‌తో సాధ్యం కాలేదు. స్టిల్ ఎంఎస్ 500ఐ ఇంకో అడుగు వేసి కార్బరేటర్‌నే తొలగించింది: 2019లో మార్కెట్లోకి వచ్చిన ఈ 79.2 సీసీ యంత్రం ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్‌తో 5.0 కిలోవాట్ల బలం ఇస్తూ, చెయిన్ తిరిగే పట్టీ (బార్), చెయిన్ లేకుండా 6.2 కిలోలు తూగుతుంది. అయితే వీటిలో ఏదైనా పాడయితే లోపాన్ని చదవడానికి కంపెనీ డీలర్ దగ్గర ఉండే పరికరం కావాలి. డీలర్ జిల్లా కేంద్రంలో ఉండి, కోత సీజన్ నడుమ మిషన్ ఆగిపోతే, ఆ నష్టం ముందు పెట్రోలు ఆదా చిన్నదైపోతుంది.

మన దేశంలో ఈ పోలికకు మరో కొలత కలిసింది, అది ఇథనాల్. 2023 ఫిబ్రవరి నుంచి ఈ20 పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలై, 2025 నాటికి 20 శాతం కలపడం దేశమంతటా సాధారణమైంది. ఉత్త పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువులో దాదాపు 14.7 రెట్ల గాలి కావాలి, ఈ20కి 13.5 రెట్లు చాలు. కాబట్టి ఉత్త పెట్రోలుకు అమర్చిన కార్బరేటర్‌లో ఈ20 పోస్తే మిశ్రమం తనంతట తానే సుమారు 8 శాతం పలచబడుతుంది, అంటే గాలితో పోలిస్తే పెట్రోలు పాలు తగ్గుతుంది. పూర్తిగా తిప్పగలిగే స్క్రూలున్న బాగా పాత మిషన్‌లో మెకానిక్ దాన్ని సరిచేయగలడు. తనను తాను సరిచేసుకునే కొత్త మిషన్ కొంత మేరకు ఆ పని చేసుకుంటుంది, ఎం-ట్రానిక్ ఉన్న యంత్రాలకు 27 శాతం దాకా ఇథనాల్ ఉన్నా పూర్తి బలం వస్తుందని స్టిల్ చెబుతుండగా, చేత్తో ట్యూన్ చేసే కార్బరేటర్లకు 10 శాతం దాటవద్దంటుంది. అందరికంటే ఎక్కువ ప్రమాదంలో పడేది టోపీల కాలం నాటి మిషనే, ఎందుకంటే దాన్ని ముందే పలచగా అమర్చి, స్క్రూలకు టోపీలు తొడిగారు, సరిచేసుకునే యూనిట్ దానికి లేదు. సెకండ్ హ్యాండ్‌లో చౌకగా దొరుకుతున్నాయని 2000ల నాటి దిగుమతి రంపాలు కొనేవారు ఈ విషయం తప్పక ఆలోచించుకోవాలి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కూడా. కోస్తా వానాకాలంలో నెలల తరబడి ట్యాంకులో వదిలేసిన పెట్రోలు నుంచి నీరు, ఇథనాల్ విడిపోయి అడుగుకు చేరితే, సరిగ్గా అక్కడే ఉండే ఇంధన గొట్టం తల ముందుగా పీల్చేది నూనె లేని ఆ ద్రవాన్నే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనదీ, తక్కువగా చర్చకు వచ్చేదీ చెప్పాలి. ఉద్గార నిబంధనలు బయటి గాలిని దృష్టిలో పెట్టుకుని రాసినవి, రంపం పట్టుకున్న మనిషి ఊపిరిని దృష్టిలో పెట్టుకుని కాదు. అమెరికా పరిమితుల్లో 50 సీసీ లోపు యంత్రాలకు కార్బన్ మోనాక్సైడ్ హద్దు మొదటి దశలో కిలోవాట్ అవర్‌కు 805 గ్రాములు, రెండో దశలోనూ 805 గ్రాములే. హైడ్రోకార్బన్లను ఐదో వంతుకు తెచ్చిన నిబంధన ఈ విషవాయువును అక్కడే వదిలేసింది. ఇందాకటి రెండున్నర కిలోవాట్ల లెక్కే వేస్తే గంటకు రెండు కిలోలు. గాలి ఆడని దట్టమైన సరుగుడు తోటలోనో, తుపాను తరువాత కూలిన చెట్ల మధ్య గోతిలో దిగి కోసేటప్పుడో, తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండడం మొదలైతే దాన్ని ఎండ దెబ్బ అనుకోవడం మామూలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకిన తరువాత రోడ్లకు అడ్డంగా పడిన చెట్లను రాత్రింబవళ్లు కోసినవారిలాంటి పనివారికి ఈ వాయువు గురించి ఎవరో ఒకరు ముందుగా చెప్పి తీరాలి. గాలి ముందు వెళ్లే ఇంజిన్లు పెట్రోలు జారిపోవడాన్ని ఆపుతాయి. కార్బన్ మోనాక్సైడ్ తగ్గాలంటే మాత్రం సిలిండర్‌లో మిశ్రమం పాళ్లు సరిగ్గా ఉండాలి, ఆ పని చేసేది ఎలక్ట్రానిక్ ట్యూనింగో, శ్రద్ధగా టాకోమీటరుతో చేసిన ట్యూనింగో. కొత్త మిషన్ అయినా ఫిల్టర్ శుభ్రం చేయని స్క్రూ కార్బరేటర్‌తో నడిస్తే పనివాడి మొహం మీదికి వచ్చే విషం తగ్గదు.

పెట్రోలు స్వభావం కూడా ఇందులో భాగమే. బీఎస్-6 ప్రమాణం ప్రకారం మన పెట్రోల్లో బెంజీన్ 1 శాతం దాకా, ఆరోమాటిక్స్ (బెంజీన్ జాతి హైడ్రోకార్బన్లు) 35 శాతం దాకా ఉండవచ్చు. కాలకుండా జారిపోయేది ఈ పెట్రోలే కాబట్టి క్యాన్సర్ కారకమైన బెంజీన్ నేరుగా ఊపిరిలోకి వెళ్తుంది. స్వీడన్‌లో 1988 నుంచే బెంజీన్, ఆరోమాటిక్స్ దాదాపు లేని ఆల్కైలేట్ పెట్రోలు రంపాల కోసం అమ్మకానికి వచ్చింది, అడవి కార్మికులు దానికి అలవాటుపడ్డారు. పాత రంపంలో ఆ ఇంధనం పోసినా పనివాడికి అందే మేలు, మామూలు పెట్రోలుతో నడిచే కొత్త రంపం ఇచ్చే మేలుకు తీసిపోదని నా అభిప్రాయం. ఆ ఇంధనం అందుబాటులో లేనిచోట మిగిలిన దారి జారిపోయే పెట్రోలును తగ్గించడమే.

కొనేవారు యంత్రం మీదున్న ఉద్గారాల స్టిక్కర్‌ను చదవడం నేర్చుకోవాలి. అమెరికా మార్కెట్ కోసం తయారైన యంత్రాలపై ఆ పరిమితులకు లోబడి ఎన్ని గంటలు నడుస్తుందో తయారీదారు హామీ ఇచ్చిన కాలం ఉంటుంది: 50, 125 లేదా 300 గంటలు. ఇంటి అవసరాలకు చేసిన 50 గంటల మిషన్‌ను సుబాబుల్ తోటలో రోజూ వాడితే పక్షం రోజుల్లో ఆ హామీ కాలం తీరిపోతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. ఒకే తయారీదారు తన యంత్రాలన్నింటి సగటును చూపించి, కొన్ని మోడళ్లలో పరిమితి దాటే వెసులుబాటును నిబంధనలే ఇచ్చాయి. కాబట్టి ఒకే దశ ముద్ర ఉన్న రెండు రంపాలు ఒకే స్థాయిలో శుభ్రమైనవని అనుకోకూడదు.

'కొత్తది' అన్న మాటను తయారీ సంవత్సరంతో కొలవకపోవడం మరీ ముఖ్యం. మన మార్కెట్లో 52 సీసీ, 58 సీసీ అని పదివేల లోపు దొరికే మిషన్లు నిన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే కావచ్చు, కానీ వాటిలో చాలావాటి లోపలున్నది ఒకే దారితో ఊపిరి పీల్చే పాత పద్ధతి ఇంజిన్. ఫిల్టర్ విప్పి రెండు దారులున్నాయో లేదో చూస్తే ఒక నిమిషంలో తేలిపోతుంది. ఇరవై ఏళ్ల కిందటి మంచి వృత్తి రంపానికీ ఈరోజు కొన్న చౌక రంపానికీ ఉద్గారాల్లో తేడా వెతకడం వృథా ప్రయాస.

ప్రయోగశాల కొలత అంతా ఇంజిన్ ఇరుసు దగ్గర ఇచ్చే శక్తికి లెక్క, కోసిన దుంగకు లెక్క కాదు. ఒక కోతకు ఎంత పెట్రోలు పోయిందన్నది చెయిన్ పదును మీద ఆధారపడి ఉంటుంది. పదునైన చెయిన్ చెక్కను పేళ్లుగా, గోరంత ముక్కలుగా విసురుతుంది, మిషన్ తన బరువుతోనే దిగుతుంది. పళ్లు మొద్దుబారితే వచ్చేది పిండిలాంటి పొట్టు, పనివాడు ఒత్తి పట్టుకోవాలి, రేస్ పూర్తిగా నొక్కిపెట్టాలి, అదే దుంగకు సమయమూ పెట్రోలూ ఎక్కువ పడతాయి. మట్టి అంటిన జామాయిల్ మొదళ్లను నేల మట్టానికి కోసేటప్పుడు ఒక్కసారి నేలను తాకితే చాలు, ఆ పదును పోతుంది. గుండ్రటి ఆకురాయితో ట్యాంకు నింపిన ప్రతిసారీ నాలుగు రాపులు రాసుకునే పనివాడి చేతిలో పాత రంపం, మొద్దు చెయిన్‌తో నడిచే కొత్త రంపం కంటే తక్కువ పొగ వదిలి ఎక్కువ కలప కోయవచ్చు.

బ్యాటరీ రంపాల సంగతి వేరే చర్చ, ఇక్కడ ఒక్క మాట చాలు. కాలిఫోర్నియా 2021లో చట్టం చేసి, 2024 మోడళ్ల నుంచి చిన్న పెట్రోలు ఇంజిన్ల అమ్మకాన్ని దాదాపు ఆపేసింది, అయినా 45 సీసీ, ఆ పైన ఉన్న చెయిన్ సాలు ఫెడరల్ చట్టం కారణంగా ఆ రాష్ట్రం పరిధిలోకి రావు. పెద్ద చెట్ల పనికి పెట్రోలు రంపం ఇంకా కొన్నాళ్లు ఉంటుందని దీన్నిబట్టే తెలుస్తుంది. కొమ్మలు కత్తిరించే పనికి, ఇళ్ల మధ్య పనికి మాత్రం బ్యాటరీ రంపం ఇప్పటికే సరిపోతుంది.

కాగితపు మిల్లుల కోసం రోజూ కర్ర కొట్టే ముఠాలకు, డీలర్ రెండు గంటల దూరంలో ఉంటే, రెండు దారుల ఇంజిన్, ఎలక్ట్రానిక్ ట్యూనింగ్ ఉన్న వృత్తి మోడలే సరైన ఎంపిక. పెట్రోలు ఆదా, ఈ20ని తట్టుకోవడం, పనివాడి ఆరోగ్యం మూడూ అటే మొగ్గుతాయి. డీలర్ దగ్గరలో లేని మన్యం గ్రామాల్లో రెండు దారుల ఇంజిన్ ఉండి, స్క్రూ కార్బరేటర్ ఉన్న మోడల్ తీసుకుని, ఊరి మెకానిక్‌కు ఒక టాకోమీటరు కొనిపెట్టడం మేలు, ఈ20కి తగినట్టు పాళ్లు సరిచేయించుకోవడం మాత్రం మరవకూడదు. ఏడాదికి నాలుగుసార్లు రాలిన కొమ్మలు కోసుకునే రైతు దగ్గర బాగా నడుస్తున్న పాత రంపం ఉంటే దాన్ని మార్చవలసిన తొందరేమీ లేదు. గట్టిపడిన ఇంధన గొట్టాన్నీ కార్బరేటర్ డయాఫ్రంనూ మార్చి, 50:1 పాళ్లలో మంచి 2టీ నూనె కలిపి, పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ తనంతట తాను ఆగిపోయే దాకా నడిపి, కార్బరేటర్‌ను ఆరబెట్టి పక్కన పెట్టుకుంటే సరిపోతుంది.